వాపు చెప్పని సంగతి



కన్ను అనగానే మనకు గుర్తొచ్చేవి రెండే. ఒకటి కళ్లద్దాలు. రెండోది శుక్లాల ఆపరేషన్. అందులో తప్పేం లేదు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన ప్రభుత్వ కంటి వెలుగు శిబిరాల్లో మనం ఊరూరా చూసింది కూడా అదే. బోర్డు మీద అక్షరాలు చదివించారు. అవసరమైనవాళ్లకు అద్దాలు ఇచ్చారు. మరి ఆ కన్ను ఎక్కడ కూర్చుని ఉంది? దాని చుట్టూ ఏముంది? పైన కప్పిన రెప్ప లోపల ఏముంది? ఇవన్నీ దెబ్బ తగిలిన రోజున గానీ మనకు గుర్తుకు రావు. ఈరోజు ఆ కంటి గూడు గురించి, కంటి రెప్ప గురించి చెప్పుకుందాం.

ముందే ఒక మాట చెప్తాను. మధ్యలో మళ్లీ చెప్తాను, విసుక్కోకండి. కంటికి దెబ్బ తగిలితే, రెప్ప ఎంత వాచిందో చూసి దెబ్బను అంచనా వేయకండి. కన్ను చూస్తోందా? కన్ను కదులుతోందా? ఈ రెండూ అడగండి. వాపు ఉందని బెంబేలు పడొద్దు. వాపు లేదని ధీమాగా ఉండొద్దు. ఎందుకో చెప్తాను.

హైదరాబాద్ పక్కనున్న మా కొంపల్లి సంగతే తీసుకోండి. ఊరి మధ్య నుంచి నాగ్‌పూర్ హైవే పోతుంది. అదే 44వ నంబరు జాతీయ రహదారి. సుచిత్ర చౌరస్తా దాటిన దగ్గర్నుంచి మేడ్చల్ దాకా లారీలు, బస్సులు, వాటి సందుల్లోంచి బైకులు. రోడ్డుకు అటూ ఇటూ అపార్టుమెంట్లు, విల్లాలు. సాయంత్రమైతే చాలు, వాటిలో షటిల్ ఆట. ఖాళీ ప్లాట్లలో పిల్లల క్రికెట్. గల్లీల్లో వీధి కుక్కలు. ఇటు జీడిమెట్లలో, అటు మేడ్చల్‌లో ఫ్యాక్టరీల పని. కంటికి దెబ్బ తగలడానికి ఇన్ని దారులున్నాయి. దెబ్బ తగలగానే ఇంట్లో మొదటి మాట ఏమిటి? "అయ్యో, ఎంత వాచిందో చూడు!" ఆ మాట దగ్గరే మనం దారి తప్పుతున్నాం.

అసలు రెప్ప అంత తొందరగా ఎందుకు వాస్తుంది?

మన ఒంట్లో అన్నిటికంటే పల్చటి చర్మం కంటి రెప్పది. ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. ఆ చర్మం కింద కొవ్వు దాదాపు ఉండదు. వదులుగా ఉండే కణజాలం మాత్రమే ఉంటుంది. అందులోకి నీరు చేరినా, రక్తం చేరినా అడ్డేమీ లేదు. ఇట్టే నిండిపోతుంది. రాత్రి దోమ రెప్ప మీద కుడుతుంది. తెల్లారేసరికి కన్ను సగం మూసుకుపోతుంది. అదే దోమ చేతి మీద కుడితే చిన్న దద్దురు. దోమ ఒకటే, కాటు ఒకటే. తేడా అంతా చర్మంలో ఉంది. కాబట్టి రెప్ప వాపు చూసి లోపలి సంగతి చెప్పలేం.

చర్మం కింద గుండ్రంగా తిరిగిన ఒక కండరం ఉంటుంది. కన్ను మూసేది అదే. తెరిచే కండరం వేరు. అది గూడు లోపలి నుంచి వచ్చి పై రెప్పను ఎత్తుతుంది. మూసే కండరానికి ఒక నరం, తెరిచే కండరానికి ఇంకో నరం. అందుకే మూతి వంకర పోయినవాళ్లకు కన్ను మూతపడదు. మూసే నరం దెబ్బతింది కదా! ఇంకొందరికి రెప్ప వాలిపోయి పైకి లేవదు. అక్కడ తెరిచే వైపు ఎక్కడో లోపముంది. రెండూ రెప్ప జబ్బులే, కానీ వైద్యం ఒకటి కాదు.

ఆ మూసే కండరం వెనక గట్టి పట్టీ ఒకటి ఉంటుంది. రెప్పకు ఆకారం ఇచ్చేది ఆ పట్టీయే. పై రెప్పలో దాని ఎత్తు సుమారు 10 మిల్లీమీటర్లు. కింది రెప్పలో అందులో సగం కూడా ఉండదు. ఆ పట్టీలో వరసగా నూనె గ్రంథులుంటాయి. మనం నిమిషానికి 15, 20 సార్లు రెప్ప వేస్తాం. వేసిన ప్రతిసారీ కన్నీటి మీద సన్నటి నూనె పొర పరుచుకుంటుంది. దానివల్ల కన్నీరు తొందరగా ఆరిపోదు. ఫోను చూస్తున్నప్పుడు మనం రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది. కళ్లు మంటలు అంటాం. అదీ కారణం. ఆ గ్రంథులు పూడుకుంటే కంటి కురుపులు వస్తాయి. వాటికి గోరువెచ్చటి గుడ్డ కాపడం మంచిది. పిండడం మాత్రం వద్దు.

ఇప్పుడు కన్నీటి దారి చూద్దాం. ప్రసంగం అయ్యాక అద్దం ముందు నిలబడండి. కింది రెప్పను ముక్కు వైపు కొసలో కొద్దిగా బయటికి లాగి చూడండి. రెప్ప అంచు మీద చాలా సన్నటి చిల్లు కనిపిస్తుంది. పై రెప్పకూ అలాంటిదే ఒకటుంది. కన్నీరు ఈ చిల్లుల్లోంచి సన్నటి గొట్టాల్లోకి, అక్కడి నుంచి ఒక సంచిలోకి, చివరికి ముక్కులోకి దిగుతుంది. ఏడిస్తే ముక్కు కారేది అందుకే. కంట్లో చుక్కల మందు వేసుకుంటే కాసేపటికి గొంతులో చేదు తగిలేదీ అందుకే.

ఈ సంగతి ఎందుకింత వివరంగా చెప్తున్నానంటే, గల్లీలో కుక్క మీద పడ్డప్పుడు చిన్నపిల్లల ముఖానికే గాయాలవుతాయి. వాళ్ల ఎత్తు అంతే కదా. కోర పట్టి రెప్పను లాగితే తరచుగా చిరిగేది ఈ ముక్కు వైపు కొసే. పై నుంచి చూస్తే చిన్న చీలిక. రెండు కుట్లు వేస్తే అతుక్కుంటుంది అనిపిస్తుంది. చర్మం అతుక్కుంటుంది, నిజమే. లోపల తెగిన కన్నీటి గొట్టం అతుక్కోదు. ఆ పిల్లాడికి జీవితాంతం కన్ను కారుతూనే ఉండొచ్చు. కంటి సర్జన్ అయితే ఆ గొట్టాన్ని వెతికి, అందులో సన్నటి సిలికాన్ ట్యూబు పెట్టి, అప్పుడు కుడతారు. ఇది ఒకటి రెండు రోజుల్లోపు జరగాలి. అంతకన్నా ముందు కుక్క కాటుకు చేయాల్సింది చేయాలి. గాయాన్ని ధార నీటితో, సబ్బుతో బాగా కడగాలి, సబ్బు కంట్లోకి పోకుండా. ముఖం మీద కాటు కాబట్టి రేబిస్ టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయించాలి. ఆ తరవాత కంటి డాక్టరు.

రెప్ప గాయంలో పచ్చటి కొవ్వు కనిపించిందా? అది మామూలు గాయం కాదు. రెప్పలో కొవ్వు ఉండదని ఇందాక చెప్పుకున్నాం కదా. రెప్ప వెనక ఒక పల్చటి గట్టి తెర ఉంటుంది. కొవ్వు ఆ తెరకు అవతల, గూట్లో ఉంటుంది. కొవ్వు బయటికి వచ్చిందంటే తెర తెగింది. దెబ్బ గూట్లోకి పోయింది. దాన్ని తోయకండి, తుడవకండి. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక ఆ తెర అవతలికి, గూట్లోకి వెళ్దాం.

మన పాత పెంకుటిల్లు గుర్తు చేసుకోండి. వీధి గుమ్మానికి టేకు దర్వాజా. దాన్ని నలుగురు కలిసినా కదపలేరు. మరి లోపల? గదికీ గదికీ మధ్య ఉత్త తడిక. ఎవరైనా తూలి దాని మీద పడితే తడిక చీలి పక్క గదిలో తేలతారు. కంటి గూడు సరిగ్గా ఇలా కట్టిన ఇల్లు.

దర్వాజాను మీ వేలితోనే తడిమి చూడండి. పైన కనుబొమ కింద నుదుటి ఎముక. బయటి వైపు బుగ్గ ఎముక. కింద ముక్కు దాకా వస్తే పై దవడ ఎముక. అంతా గట్టిగా తగులుతుంది. వెడల్పు సుమారు 4 సెంటీమీటర్లు, ఎత్తు ఇంకాస్త తక్కువ. ఇక లోపలికి పోతే మొత్తం 7 ఎముకలు కలిసి ఆ గూటిని కట్టాయి. వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతుంది. అందులో పట్టేది సుమారు 30 మిల్లీలీటర్లు. కనుగుడ్డు అందులో 7 మిల్లీలీటర్లే. మిగతా చోటంతా కొవ్వు, కన్ను తిప్పే 6 కండరాలు, నరాలు, రక్తనాళాలు. కంటి నరం గూట్లో తిన్నగా బిగుసుకుని ఉండదు. కొంచెం వదులుగా, వంపు తిరిగి ఉంటుంది. మనం కన్ను ఎటు తిప్పినా అది లాగుకుపోకూడదు కదా!

పక్క గదులు ఏమిటి? పైన మెదడు. కింద, ముక్కు వైపు సైనస్ గదులు. వాటిలో ఉండేది గాలే. కింది గోడ, ముక్కు వైపు గోడ, ఈ రెండే తడికలు. కొన్నిచోట్ల అర మిల్లీమీటరు మందం కూడా ఉండవు. బయటి వైపు, అంటే కణత వైపు గోడ అన్నిటిలోకీ గట్టిది. కానీ ఆ వైపు దర్వాజా కాస్త వెనక్కి ఉంటుంది. అందుకే పక్క నుంచి వచ్చే బండి మన కంటి కొసకు కనిపిస్తుంది. అందుకే పక్క నుంచి వచ్చే దెబ్బ కూడా కనుగుడ్డుకు తేలిగ్గా తగులుతుంది. విశాలమైన చూపు, పక్క నుంచి రక్షణ రెండూ ఒకేసారి దొరకవు మరి.

బంతి వచ్చి కంటి మీద తగిలింది అనుకోండి. క్రికెట్ బంతి అడ్డం సుమారు 7 సెంటీమీటర్లు. గూడు వాకిలి కన్నా పెద్దది. దర్వాజాకు తగిలి చాలావరకు ఆగిపోతుంది. ఆ అదురుకు, లోపల పెరిగిన ఒత్తిడికి కింది తడిక చీలుతుంది. కొవ్వు, ఒక్కోసారి కండరం, కింది సైనస్ గదిలోకి జారుతాయి. ఒకరకంగా ఇది కనుగుడ్డుకు మేలే. ఒత్తిడి పోవడానికి దారి దొరికింది, గుడ్డు పగలకుండా బయటపడింది. షటిల్ కాక్ సంగతి వేరు. దాని బెండు 3 సెంటీమీటర్ల లోపే. వాకిట్లోంచి నేరుగా లోపలికి పోయి కనుగుడ్డునే కొడుతుంది. క్రికెట్ బంతి అంటే భయపడే తల్లిదండ్రులు షటిల్‌ను ఆడపిల్లల ఆట అని, ముసలివాళ్ల ఆట అని తేలిగ్గా తీసుకుంటారు. కంటి వరకు అయితే నేను షటిల్‌కే ఎక్కువ భయపడతాను. డబుల్స్ ఆడేటప్పుడు వెనకున్న మీ జతగాడు కొడుతుంటే తిరిగి చూడకండి. ఆటగాళ్లకు పాలీకార్బనేట్ అద్దాలు దొరుకుతాయి, పెట్టుకోండి.

తడిక చీలిందని బయటికి ఎలా తెలుస్తుంది? పైకి చూస్తే ఒక మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. బుగ్గ, పై పెదవి, పై పళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆ భాగాలకు వెళ్లే నరం గూడు నేలలోంచే పోతుంది మరి. కన్ను లోపలికి గుంట పడటం కొన్నాళ్లకు గానీ కనపడదు. మొదట్లో వాపు దాన్ని దాచేస్తుంది. అలాంటప్పుడు ముక్కు చీదొద్దు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ముక్కు చీదితే సైనస్ గదిలోని గాలి, దానితో పాటు అక్కడి క్రిములు, చీలికలోంచి గూట్లోకి వస్తాయి. చీదగానే రెప్ప ఒక్కసారిగా ఉబ్బిందా? నొక్కితే చిటపటలాడుతోందా? అది గాలి. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. తల్లిదండ్రులు కాస్త దగ్గరికి జరగండి.

పెద్దవాళ్ల ఎముక విరుగుతుంది. పిల్లల ఎముక లేతది, వంగుతుంది. దెబ్బకు గూడు నేల తెరుచుకుని, మళ్లీ వెంటనే మూసుకుంటుంది. మూసుకునేటప్పుడు కన్ను తిప్పే కండరం మధ్యలో ఇరుక్కుపోతుంది. బయటికి ఏం కనిపిస్తుంది? ఏమీ కనిపించదు. కన్ను ఎర్రబడదు. రెప్ప పెద్దగా వాయదు. కానీ పిల్లాడు వాంతి చేసుకుంటాడు. కళ్లు తిరుగుతున్నాయంటాడు. నాడి నెమ్మదిస్తుంది. కన్ను కదిపితే నొప్పి అని కళ్లు మూసుకుని పడుకుంటాడు. ఇంట్లోవాళ్లు తలకు దెబ్బ తగిలిందనుకుంటారు. ఒక్కోసారి ఆసుపత్రిలో కూడా అలాగే అనుకుంటారు. తలకు స్కాన్ తీస్తారు, బాగానే ఉందంటారు, ఇంటికి పంపిస్తారు. ఇరుక్కున్న కండరానికి రక్తం అందదు. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ చేసి విడిపించకపోతే ఆ కన్ను తరవాత సరిగ్గా కదలకపోవచ్చు.

చూశారా? రెప్ప వంకాయ రంగులోకి తిరిగిన నాన్నకు ఏమీ కాకపోవచ్చు. రెప్ప మామూలుగా ఉన్న కొడుక్కి అదే రాత్రి ఆపరేషన్ కావాల్సి రావొచ్చు. అందుకే మళ్లీ చెప్తున్నాను. వాపు కాదు. కన్ను చూస్తోందా? కన్ను కదులుతోందా?

ఇంట్లో ఎలా చూడాలి? దెబ్బ తగిలిన కొద్ది నిమిషాల్లోనే చూడాలి. ఆలస్యమైతే రెప్ప మూసుకుపోతుంది. ముందు బాగున్న కంటిని అరచేత్తో మూయించండి. దెబ్బ తగిలిన కంటితో మీ వేళ్లు లెక్కపెట్టమనండి. తరవాత రెండు కళ్లూ తెరిపించి, తల కదపకుండా పైకి, కిందికి, అటూ ఇటూ చూడమనండి. రెండు కళ్లూ కలిసి కదులుతున్నాయా? ఎక్కడైనా రెండేసి కనిపిస్తున్నాయా? బుగ్గను మెల్లగా తాకి, రెండు వైపులా ఒకేలా తెలుస్తోందా అని అడగండి. రెప్ప తెరవాల్సి వస్తే మీ వేళ్లు ఎముక మీద ఉండాలి, కనుగుడ్డు మీద బరువు పడకూడదు. తెరుచుకోకపోతే బలవంతం చేయొద్దు. మూసిన రెప్ప మీదే మొబైల్ టార్చ్ వేసి వెలుగు తెలుస్తోందా అని అడగండి. తెలియడం లేదంటే ఒక్క నిమిషం కూడా ఇంట్లో ఉండకండి.

ఆ తొందర ఎందుకంటే, గూడుకు నాలుగు వైపులా ఎముక. ముందు వైపు రెప్పలు, వాటిని ఎముకకు కట్టిన బిగుతైన పట్టీలు. కన్ను వెనకాల రక్తం కారి నిండితే పోవడానికి చోటు లేదు. కన్ను ముందుకు పొడుచుకొస్తుంది, రాయిలా గట్టిపడుతుంది, భరించలేని నొప్పి, చూపు మసకబారుతుంది. రెండు గంటల్లోపే చూపు శాశ్వతంగా పోవచ్చు. అప్పుడు డాక్టరు స్కాన్ కోసం కూడా ఆగకుండా కణత వైపు రెప్పల కొసను కొద్దిగా కోసి ఆ పట్టీని వదులు చేస్తారు. చూసేవాళ్లకు దారుణంగా ఉంటుంది. కన్ను కాపాడేది మాత్రం ఆ కోతే. ఇంట్లో ఎవరైనా రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే, కంటి దెబ్బప్పుడు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి.

దెబ్బ లేకుండా కూడా తడిక ప్రమాదం తెస్తుంది. మనం మరిచిపోలేని ఉదాహరణ 2021. కరోనా రెండో దశలో షుగరు అదుపు తప్పినవాళ్లకు, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్లకు బ్లాక్ ఫంగస్ వచ్చింది. ఆ ఏడాది మే 20న తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రిని దాని వైద్యానికి ప్రధాన కేంద్రం చేశారు. కంటి చూపు పోతుంటే ముక్కు ఆసుపత్రి ఎందుకని అప్పట్లో చాలామంది అడిగారు. ఇప్పుడు మీకు జవాబు తెలుసు. ఫంగస్ ముక్కులో మొదలై సైనస్ గదుల్లోకి, అక్కడి నుంచి గోడ దాటి గూట్లోకి వచ్చింది.

పిల్లల జలుబు కూడా అదే దారిలో రాగలదు, ఫంగస్ కాదు గానీ మామూలు చీము. జలుబు, జ్వరంతో పాటు ఒక కన్ను వాచిందా? అదే పరీక్ష చేయండి. కన్ను బాగా కదులుతూ, బాగా కనిపిస్తుంటే చీము చాలావరకు తెరకు ఇవతలే ఉంది. ఎటూ డాక్టరుకు చూపించాలి, మందులు వాడాలి. కన్ను కదలకపోతే, ముందుకు పొడుచుకొస్తే, చూపు తగ్గితే, అది తెర దాటింది. ఆసుపత్రిలో చేరాల్సిందే.

ఎక్కడికి వెళ్లాలి? మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. బంజారాహిల్స్‌లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. రెప్పలకు, కంటి గూడుకు ప్రత్యేకంగా చదువుకున్న సర్జన్లు ఉంటారు. కంటి డాక్టర్లలోనే అదొక విభాగం. గూడు ఎముక విరిగిందీ లేనిదీ మామూలు ఎక్స్‌రేలో సరిగ్గా తెలియదు, సీటీ స్కాన్ కావాలి. విరిగిన ప్రతివాళ్లకూ ఆపరేషన్ అక్కర్లేదు. చిన్న చీలికలు మానిపోతాయి. పెద్దవాళ్లకు వాపు తగ్గేదాకా ఒకటి రెండు వారాలు ఆగి నిర్ణయించడం కూడా మామూలే. డాక్టరు ఆగమన్నారంటే పట్టించుకోలేదని కాదు. కనుగుడ్డు పగిలిందని అనుమానముంటే కడగకండి, నొక్కకండి, పసరు పోయకండి. ఒక కాగితం కప్పును ఎముక మీద ఆనేలా బోర్లించి, టేపు వేసి, 108కి ఫోన్ చేయండి. యాసిడ్, సున్నం లాంటివి కంట్లో పడితే మాత్రం వేరే లెక్క. అక్కడికక్కడే నీళ్లతో కడుగుతూనే ఉండాలి, తరవాతే ప్రయాణం.

హైవే మీద వెళ్లేవాళ్లకో మాట. చలానా తప్పించుకోవడానికి టోపీలాంటి హెల్మెట్ పెట్టుకుంటున్నారు. అది పోలీసుకు చాలుతుంది. బుగ్గ ఎముకకు చాలదు. గడ్డం దాకా మూసే హెల్మెట్ కొనండి, అద్దం దించుకోండి.

చివరగా, కమిలిన కన్ను గురించి అందరూ అడిగే ప్రశ్న. దెబ్బ ఒక కంటికి తగిలితే రెండో రోజుకు అవతలి కంటి రెప్ప కూడా ఎందుకు నల్లబడుతుంది? నల్లటి మచ్చ బుగ్గ మీదికి ఎందుకు దిగుతుంది? ముక్కు మీద చర్మం కింద కూడా వదులే కాబట్టి రక్తం అలా పాకుతుంది. నీలం, ఆకుపచ్చ, పసుపు రంగులు తిరిగి రెండు వారాల్లో పోతుంది. మొదటి రోజు గుడ్డలో చుట్టిన ఐసు కనుబొమ మీద, బుగ్గ మీద పెట్టండి, కనుగుడ్డు మీద కాదు. కానీ కళ్లకు దెబ్బే తగలకుండా, తలకు దెబ్బ తగిలి, కొన్ని గంటల తరవాత రెండు కళ్ల చుట్టూ నల్లగా కమిలితే అది రెప్ప సంగతి కాదు. పుర్రె అడుగు ఎముక విరిగి ఉండొచ్చు. ముక్కులోంచి నీళ్లలాంటివి కారుతున్నాయేమో చూడండి. అప్పుడు కంటి ఆసుపత్రి కన్నా ముందు, తలకు వైద్యం చేసే పెద్దాసుపత్రికి వెళ్లాలి.